సుమిత డ్రమ్ము, కన్నియమ్మ గుంత

బాగాయం, వేలూరు
ఏప్రిల్, తమిళ సంవత్సరాది మర్నాడు

వదిన కన్నియమ్మ గారికి, మీ తమ్ముడు లోకనాథ్ భార్య సుమిత నమస్కారాలు.

ఇక్కడంతా క్షేమమని ముందు రాయాలి. రాయలేను. ఉగాదికి వచ్చినప్పుడు మా పెరట్లో తడిచెత్తను ఎరువు చేయడానికి మీరు తయారుచేసి పెట్టి వెళ్లిన నీలం డ్రమ్ము కంపు కొడుతోంది. మూత తీస్తే నుసుములు మొహం మీదికి లేస్తున్నాయి. అడుగునుంచి నల్లటి నీళ్లు కారి, చేతులు కడుక్కునే తొట్టి దాకా పారుతున్నాయి.

ఫోన్లోనే చెప్పేదాన్ని. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మెస్సులో తినేవాళ్లకు మెతుకు దిగడం లేదని మీ తమ్ముడు మనకు ఫోన్లు బందు పెట్టారు కదా. అందుకని మీ తోటనుంచి అరిటాకు కట్టలు తెచ్చే దొరై చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు ఆకుకట్టలో పెట్టి పంపండి. ఇందులో ఒక సుఖముంది. మన రెండిళ్లలోనూ తెలుగు అక్షరాలు వచ్చింది మనిద్దరికే. మీ తమ్ముడు చూసినా కోడిగీతలు చూసినట్టే చూస్తారు. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

ఆ రోజు మీరు కొంగు దోపుకుని, ఇనుప చువ్వ కాల్చి డ్రమ్ముకు బెజ్జాలు పొడుస్తుంటే మెస్సులో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారు. కుండలో తెచ్చిన ఎర్రలను, అదే ఆ వానపాములను, పేడమీద వదిలి మీరు అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఇంక నీ చెత్తకు దిగుల్లేదు సుమితా, అంతా నా బిడ్డలు చూసుకుంటాయి" అన్నారు. మీ బిడ్డలు ఏమీ చూసుకోవడం లేదు. ఆ మాటలు విని చప్పట్లు కొట్టిన వాళ్లే ఇప్పుడు ముక్కు మూసుకుని తింటున్నారు.

ఇది నవ్వులాట కాదు వదినా. మెస్సుల తడిచెత్త ఎవరిది వాళ్లే చూసుకోవాలని చెత్తబండి వాళ్లు చెప్పేశారు. మేడమీద ఉండే ఓనరమ్మ ఆరోకియమేరి నిన్న కిందికి దిగివచ్చి, జూన్ నెలాఖరులోపు కంపు పోకపోతే మెస్సు ఖాళీ చేయమంది. ఆంబూరు చెప్పుల కంపెనీలో పని పోయాక మీ తమ్ముడికి ఈ మెస్సు గల్లాపెట్టె తప్ప వేరే ఆధారం లేదని మీకు తెలుసు. ఆస్పత్రికి వచ్చేవాళ్లకు దగ్గరగా ఇంకోచోట ఇలాంటి ఇల్లు దొరకదు. డ్రమ్ము మీరు పెట్టారు. దాని సంగతి మీరే చెప్పండి.

సుమిత


గుడియాత్తం
శుక్రవారం

చిరంజీవి మరదలు సుమితకు కన్నియమ్మ దీవించి రాస్తున్నది.

దీవించానని మెచ్చుకున్నాననుకోవద్దు. నీ ఉత్తరం రెండుసార్లు చదువుకుని రెండుసార్లూ నవ్వాను. డ్రమ్ముది తప్పు, ఎర్రలది తప్పు, నాది తప్పు, నుసుములది కూడా తప్పే. పరదరామి పుట్టింటి నుంచి వచ్చిన మహారాణిది మాత్రం ఏ తప్పూ లేదు.

ఏం పోశావో నువ్వు రాయలేదు. నేను చెబుతాను. సాంబారు పోశావు. మిగిలిన రసం పోశావు. పెరుగన్నం గిన్నె కడిగిన నీళ్లు పోశావు. నీ సాంబారును మనుషులే మంచినీళ్లు పక్కన పెట్టుకుని తింటారు, అందులో వానపాములు ఈదాలా? ఎర్రలు నీ దగ్గర నెల టోకెన్లు కొన్నవాళ్లు కారమ్మా, ఏది వడ్డిస్తే అది నోరు మూసుకుని తినడానికి.

ఇంకొకటి. భోంచేసిన ఆకులను మడిచినవి మడిచినట్టే డ్రమ్ములో పడేస్తున్నావు. నిన్ను చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే నీకు ఏ పనీ విప్పి చూసే అలవాటు లేదు. మడిచిన ఆకులో అన్నం గాలి తగలక మగ్గి కుళ్లుతుంది. నీ కంపు అక్కడ ఉంది.

ఇప్పుడు ఇలా చెయ్యి. వారం పాటు ఏమీ వేయొద్దు. పైనున్న కుళ్లును చేత్తోనే తీసెయ్యి, నీ చెయ్యేమీ ఊడిపోదు. పాత పేపర్లు చించి, కొబ్బరి పీచు కలిపి, లోపలిదంతా గుల్లగా కలియబెట్టు. అడుగు బెజ్జాలు పూడిపోయి ఉంటాయి, పుల్లతో పొడువు. డ్రమ్మును ఇటుకలమీద ఎత్తి కింద ఒక తట్ట పెట్టు. పిడికెడు తీసి పిండితే ఒక చుక్క రావాలి, ధార కాదు. ఆ తర్వాత కూరగాయ తొక్కులు, తరిగిన ఆకు, అంతే. ఏది వేసినా లోపలికి పూడ్చి పైన పీచు కప్పు, నుసుములు వాటంతట అవే పోతాయి. వండినది దేన్నీ దాని దగ్గరికి తీసుకుపోవద్దు.

మా ఎర్రల ఎరువు గుంత చూడటానికి మొన్న మా మహిళా సంఘం వాళ్లు వచ్చారు. మట్టి చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకున్నారు. ఇది నీకు గొప్పలు చెప్పడానికి రాయలేదు, తెలుసుకుంటావని రాశాను.

కన్నియమ్మ


బాగాయం
మే, కత్తిరి ఎండలు

వదిన గారికి,

మీరు చెప్పినవన్నీ చేశాను. కంపు సగానికి పైగా తగ్గింది. అది ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను.

మీ సంఘం వాళ్లు మట్టిని కళ్లకద్దుకున్నారంటే నమ్ముతాను. మీ ఎదురుగా నిలబడి మరోటి చేసే ధైర్యం మీ వీధిలో ఎవరికీ లేదు.

ఇప్పుడు కొత్త సంగతి. మీ బిడ్డలు ఇల్లు విడిచి వెళ్లిపోతున్నాయి. నిన్న పొద్దున పెరటి తలుపు తీస్తే, మూత సందులోంచి బయటికి వచ్చి గోడమీద, తొట్టిమీద పాకుతున్నాయి. విజయనగరం నుంచి వచ్చి తన మనిషిని ఆస్పత్రిలో పెట్టుకున్న పెద్దాయన చెయ్యి కడుక్కోబోయి వాటిని చూసి, అన్నం వద్దని లేచిపోయాడు. నెలంతా మన దగ్గర తినవలసిన మనిషి. ఓనరమ్మ మెట్లమీద నిలబడి ఇదంతా చూసింది. జూన్ దాకా ఆగుతుందో లేదోనని నాకు భయం. ఎండకు కొన్ని గచ్చుమీదే చచ్చి ఎండిపోయాయి. ఇది చాలదన్నట్టు ఎర్రచీమలు డ్రమ్ముకు బారులు కట్టాయి.

పెంపకాన్నిబట్టే గుణం వస్తుంది కాబోలు. కడుపునిండా తిని, ఏదో ఒక వంక పెట్టి, ఇంట్లోవాళ్లమీద అలిగి బయటికి నడవడం వాటికి ఎవరు నేర్పారో నేను రాయనక్కర్లేదు. ఉగాదినాడు బొబ్బట్లలో యాలకులు తక్కువయ్యాయని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయిన వాళ్లు మా ఇంట్లో ఒకరే ఉన్నారు.

మీ తమ్ముడు రోజూ గల్లాపెట్టె దగ్గరినుంచే "ఎట్ల ఉండాది డ్రమ్ము?" అని అడుగుతారు. లేచి వచ్చి చూడరు.

ఉన్నవాటిలో చాలా పోయాయి. దొరై చేతికి రెండు గుప్పిళ్లు ఎర్రలు ఇచ్చి పంపండి. మీకు లక్షల్లో ఉన్నాయని మీరే అంటారు.

సుమిత


గుడియాత్తం
గంగమ్మ సిరసు తిరునాళ్లకు ముందు

మరదలు సుమితకు,

యాలకులు తక్కువ కాలేదు. అసలు వేయలేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం నేర్చుకో.

ఎర్రలు పారిపోతున్నాయంటే లోపల పుల్లగా మారిందన్నమాట. నిమ్మకాయ తొక్కలు వేశావు. వారానికి రెండు రోజులు చిత్రాన్నం పెట్టే మెస్సులో నిమ్మ తొక్కలు ఇంకెక్కడికి పోతాయి? ఉల్లిపాయ పొట్టు కూడా బుట్టలకొద్దీ పోసి ఉంటావు. ఇల్లు మండుతుంటే ఎవరైనా బయటికే పరుగెత్తుతారు, దానికి అలగడం అని పేరు పెట్టే తెలివి నీకే ఉంది.

ఆ తొక్కలన్నీ ఏరి పారెయ్యి. ఆమ్లెట్లు వేసిన గుడ్డు పెంకులు ఎండబెట్టి, రోట్లో పిండిలా దంచి చల్లు. కొన్నాళ్లు డ్రమ్ము పైన బల్బు వెలిగించి ఉంచు, వెలుతురుంటే అవి పైకి రావు. చీమలు పట్టాయంటే పైభాగం ఎండిపోయిందని అర్థం. తడి గోనెసంచి కప్పు, డ్రమ్మును నీడలోకి జరుపు. ఇటుకల కింద నీళ్లు పోసిన పళ్లేలు పెట్టు, చీమలు ఈత నేర్చుకుని రావు.

ఎర్రలు ఇప్పుడు పంపను. తిరునాళ్లు దగ్గరికొచ్చాయి, ఇంట్లో ప్రాణమున్న దాన్ని దేన్నీ బయటికి పంపను. సిరసు ఊరేగింపు అయ్యాక మా తమ్ముడు వస్తాడు కదా, వాడి చేతికి కుండనిండా ఇస్తాను.

ఈసారి మా వీధిలో ఒక మంచి పని తలపెట్టాను. తిరునాళ్లు అయినాక అమ్మవారి మాలలు, గుమ్మాలకు కట్టిన వేపమండలు, పసుపునీళ్ల ఆకులు, దిగదుడిచిన నిమ్మకాయలు ఏటా మురుగుకాలవలో పడేస్తారు ఈ బుద్ధిలేని జనం. అమ్మవారి పువ్వు కాలికి తగలకూడదన్న జ్ఞానం ఒక్కరికీ లేదు. ఈసారి మూడు వీధులవాళ్లూ అన్నీ తెచ్చి నా గుంతలోనే వేయాలని చెప్పాను. అంతకంటే శుద్ధమైన చోటు ఈ ఊళ్లో ఇంకెక్కడుంది? దేవుడి పువ్వు ఎరువై మళ్లీ పూలమొక్కకే పోతుంది. సంఘం వాళ్లు విని, ఈ ఆలోచన మాకెందుకు రాలేదని అన్నారు. వాళ్లకెందుకు వస్తుంది.

కన్నియమ్మ


బాగాయం
మే నెలాఖరు

వదిన గారికి,

గుడ్డు పెంకులు పని చేశాయి. ఎర్రలు బయటికి రావడం మానేశాయి. చీమలు కూడా తగ్గాయి. డ్రమ్ము దగ్గర ఇప్పుడు పెద్దగా వాసన లేదు. కానీ మిగిలినవి పిడికెడు కూడా లేవు. రోజూ పడే తొక్కులకు అవి ఏ మూలకు? మళ్లీ మగ్గుతున్నాయి. ఇంకో నెలే గడువు.

మీ తమ్ముడు తిరునాళ్లకు వచ్చి రెండు పూటలు భోంచేసి, మీరు కట్టిచ్చిన మురుకులు మాత్రం పట్టుకుని ఇక్కడ దిగారు. కుండ ఏదని అడిగితే అక్క ఇవ్వలేదన్నారు. పెరట్లోకి తనే వెళ్లబోతే మీరు అడ్డం నిలబడి, "యాడికిరా పోతావు, కాళ్లు కడుక్కోని అన్నానికి రా నాయనా" అన్నారట. గుంతమీద బండ పరిచి ఉందట.

పోయినసారి కుండనిండా ఇస్తానని మీ చేత్తో రాశారు. ఆ కాగితం నా దగ్గర ఉంది. లక్షల్లో ఉన్న చోటునుంచి రెండు గుప్పిళ్లు రాకపోవడానికి కారణం ఒకటే అయి ఉంటుంది. నా మెస్సు మూతపడితే మీ తమ్ముడు మళ్లీ గుడియాత్తం వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటారని మీ ఆశ. నేను వచ్చిన నాటినుంచి మీ కడుపులో ఉన్నది అదే. కాదంటే ఎర్రలు పంపి కాదనండి.

సుమిత


గుడియాత్తం
జూన్

సుమితకు,

నా ఎర్రలు నీ మెస్సు ఎంగిలి తినడానికి పుట్టలేదు. ఒకసారి ఇచ్చాను, చంపుకున్నావు. చంపుకునేవాళ్లకు రెండోసారి ఎవరూ ఇవ్వరు. మా తమ్ముడు నా గుమ్మంలో కూర్చోవాలంటే నీ మెస్సు మూతపడేదాకా నేను ఆగనక్కర్లేదు, ఒక్క మాట అంటే చాలు వస్తాడు.

బండ పరిచింది కుక్కలు తవ్వకుండా. ప్రతిదానికీ నీకు లెక్క చెప్పాలా?

ఈ వారం ఆకుల రేటు పెరిగింది. దొరై చెబుతాడు.

కన్నియమ్మ


బాగాయం
జూన్, బుధవారం

వదిన గారికి,

ఇక మిమ్మల్ని ఏమీ అడగను. ఇది సలహా కోసం రాస్తున్న ఉత్తరం కాదు, సమాచారం. మీరు లేకపోయినా నా పని ఆగదని మీకు తెలియాలి.

డ్రమ్ములో కొత్తగా పురుగు పట్టింది. తెల్లగా, కుట్టుదారం ముక్కల్లా సన్నగా ఉన్నాయి. తొక్కు ఎత్తితే కిందంతా అవే. ఉన్న నాలుగు ఎర్రలకూ తిండి దక్కనిచ్చేలా లేవు. మంచి ఎర్రలనే తెచ్చానన్నారు, ఆ కుండలో ఇంకా ఏమేం పెట్టి తెచ్చారో మీకే తెలియాలి.

దీనికి విరుగుడు నాకు తెలుసు. మా పుట్టింట్లో వడ్లకైనా కందులకైనా పురుగు పడితే వేపాకే. ఇవాళ గంపెడు వేపాకు దూయించాను. శుక్రవారం పొద్దున పసుపు కలిపి మరగబెట్టి, చల్లారాక డ్రమ్మునిండా పోస్తాను. పురుగు చస్తుంది, చీమ చస్తుంది, మిగిలిన వాసన కూడా పోతుంది. పసుపూ వేపాకూ దేనికీ చెడు చేయవు. ఈపాటి ఉపాయం మహా పండితులైన మీకు మూడు నెలలుగా తోచలేదు.

ఆదివారం ఓనరమ్మ వచ్చి డ్రమ్ము చూస్తానంది. చూసుకోనివ్వండి.

ఆకులకు కొత్త రేటు ఇవ్వను. పాత రేటుకు ఇష్టమైతేనే పంపండి.

సుమిత


బాగాయం
జూలై మొదటివారం

వదిన గారికి,

రెండుసార్లు ఆకులు వచ్చాయి, పాత రేటుకే వచ్చాయి. కట్ట విప్పి ఆకు ఆకూ తిప్పి చూశాను. ఉత్తరం లేదు. మీరు రాయరని అర్థమైంది కాబట్టి వరస తప్పినా నేనే రాస్తున్నాను.

ఆ శుక్రవారం మీరు ఫోన్ చేసినప్పుడు ఏం జరిగిందో మీకు సగమే తెలుసు. నా చేతిలో వేపాకు బిందె ఉంది. పెరట్లోకి రెండు అడుగులు వేశాను. మెస్సులో అన్ని బల్లలూ నిండి ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర మీ తమ్ముడి ఫోన్ మోగింది. ఆయన ఫోన్ చెవికి పెట్టుకోరు, స్పీకరు వేసి బల్లమీద పెడతారు, చిల్లర లెక్క ఆగకూడదు కదా. కాబట్టి మీ మాట నేను ఒక్కదాన్నే కాదు, ఇడ్లీ తింటున్న ప్రతివాళ్లూ విన్నారు.

"లోకా, సుమితను ఆపు. వేపాకునీళ్లు పొయ్యొద్దని చెప్పు. తిరునాళ్లప్పుడు నేను అదే చేసినా. మాలలు, వేపాకు, పసుపు, నిమ్మకాయలు అన్నీ గుంతలో ఏసినా. ఒక్క ఎర్ర మిగల్లేదు. అన్నిట్నీ నేనే సంపుకున్నా. దాని డ్రమ్ములో ఆ తెల్లవి పురుగులు కాదు, పిల్లలు. సంపొద్దని చెప్పు."

నేను బిందె కింద పెట్టేశాను. నిజం చెబుతున్నాను, నా చేత్తో నేనే పోసేదాన్ని. ఆదివారం ఓనరమ్మ వచ్చేసరికి డ్రమ్మునిండా చచ్చిన పిల్లలు కుళ్లి కంపు కొడుతూ ఉండేవి.

ఆ తర్వాత మీ తమ్ముడు నవ్వారు. మామూలుగా కాదు, పొట్ట పట్టుకుని. తమిళం వాళ్లకు తమిళంలో, తెలుగువాళ్లకు తెలుగులో చెప్పి నవ్వించారు. గుడియాత్తంలో మా అక్క వానపాముల ప్రొఫెసరు, అన్నిట్నీ చంపి బండ కప్పింది అన్నారు. సాయంత్రానికి మీ చిన్నాన్న కొడుక్కి, పేర్నాంబట్టులో మీ పిన్నికి ఫోన్ చేసి వాళ్లకూ చెప్పారు. మీ సంఘం దాకా పాకిందని దొరై చెప్పాడు, అది ఎలా వచ్చిందని మీరు ఆలోచిస్తుంటారు. ఇలా వచ్చింది.

ఆయన రెండో ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేకపోయాను. "నవ్వేదానికి ఏముండాది? మూడు నెల్లుగా ఆ డ్రమ్ములో నువ్వు ఒక్క వేలన్నా పెట్టినావా? ఆమె సంపుకున్నా సాకింది. నువ్వు సాకిందేంది?" అన్నాను. కాపురానికి వచ్చాక మీ తమ్ముణ్ని 'నువ్వు' అనడం అదే మొదలు. తప్పంటే తప్పే, వెనక్కి తీసుకోను. ఆ రోజంతా ఆయన గల్లాపెట్టె మీదనుంచి తల ఎత్తలేదు. నాలుగు రోజులుగా తొక్కులు ఆయన చేతే తరిగిస్తున్నాను. మనిషి చెయ్యి ఎంత మొద్దో ఇప్పుడు తెలుస్తోంది. అరిటాకును కూడా వంకరగా కోసే మనిషిని నేను మొదటిసారి చూస్తున్నాను.

ఆదివారం ఆరోకియమేరి ప్రార్థన నుంచి వస్తూనే పెరట్లోకి వచ్చింది. మూత తీయమంది. నడుం వంచి లోపలికి తలపెట్టి వాసన చూసింది. వేలితో మట్టి కదిపి, ఆ తెల్లవి ఏమిటని అడిగింది. పిల్లలని చెప్పాను. తర్వాత మేడమీద తన మల్లె కుండీలకు ఒక బకెట్ ఎరువు కావాలంది. ఖాళీ చేసే మాట ఏమిటని నేనే అడిగాను. ఏ ఖాళీ అంది. ఇదంతా నీకు ఎవరు నేర్పారని అడిగింది. గుడియాత్తంలో మా వదిన నేర్పిందని చెప్పాను.

ఇందుకని నేను మెత్తబడ్డాననుకోకండి. మీ తెలివి నాకిప్పుడు బాగా తెలిసింది. అమ్మవారి మాలలను వానపాములకు ఫలహారంగా పెట్టే మనిషి ఈ జిల్లాలో మీరొక్కరే ఉంటారు. రెండోది నేనే అయ్యేదాన్ని, ఆ మాట వేరే.

పిల్లలు పెరిగి డ్రమ్ము ఇరుకైంది. దొరై చేతికి పాత బిరియానీ డబ్బాలో సగం ఎర్రలు పంపుతున్నాను, మూతకు బెజ్జాలు పెట్టాను. గుంతలో వేపాకు ఒక్క రెబ్బ కూడా మిగలకుండా తవ్వి పారేయించండి. అడుగు మట్టితో సహా తీయించండి. కొత్త పేడ వేడి చల్లారాకే వదలండి. నేను రాశాను కదా అని చేయకుండా ఉండకండి. ఇవి నా బిడ్డలు, చంపితే ఊరుకోను.

సుమిత


గుడియాత్తం
జూలై, ఆడి నెల మొదటి మంగళవారం

సుమితకు,

డబ్బా అందింది. బక్కచిక్కి ఉన్నాయి. నీ మెస్సులో తిన్నది ఏదైనా అలాగే ఉంటుంది. పేడ వేడి చల్లారాక వదలమని నాకు రాశావు, ఆ మాట ఉగాదినాడు నీకు చెప్పింది ఎవరో మరిచిపోయినట్టున్నావు. గుంత తవ్వించాను. అడుగు మట్టితో సహా తీయించాను. నువ్వు రాశావని కాదు, నాకే తోచింది.

సంఘం వాళ్లు వచ్చారు. గుంత చుట్టూ నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మట్టిని కళ్లకద్దుకున్నవాళ్లే. పొమ్మన్నాను. అందులో ఒకతె వెనక్కి వచ్చి, వాళ్లింట్లోనూ కుండీలో వేపపిండి వేసి చంపుకున్నామని చెవిలో చెప్పిపోయింది. అందరిముందూ చెప్పే దమ్ము దానికి లేదు. నేను చెప్పాను.

నువ్వు అనుకున్నట్టు నీ మెస్సు మూతపడాలని నాకు లేదు. ఎర్రలు లేవని నీకు రాయడానికి చెయ్యి రాలేదు, అంతే. నీకు రాయడమంటే నీ చేతికి కర్ర ఇవ్వడమే. బుధవారం ఉత్తరం దొరై గురువారం రాత్రి తెచ్చాడు. తెల్లవార్లూ కూర్చున్నాను. ఆకుకట్టతో పంపితే శనివారం అందుతుంది. మీ ఇంట్లో ఫోన్ స్పీకరు వేస్తారని నాకు తెలుసు సుమితా. ఉగాదికి వచ్చినప్పుడు చూశాను. తెలిసే చేశాను.

నవ్వు నాకు ఫోన్లోనే వినిపించింది. నువ్వు ఇన్నేళ్లుగా తిట్టావు, ఉత్తరాల్లో ఏమేం రాశావో అన్నీ ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ నాకు నొప్పి కలిగించలేదు. నీకు నేనూ తక్కువ ఇవ్వలేదు. వాడు నవ్వితే మాత్రం నొప్పి పుట్టింది. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే మా అమ్మ దగ్గర కాదు, నా దగ్గర పడుకునేవాడు. వాడి నవ్వు అది.

అరిటాకు వంకరగా కోస్తున్నాడని రాశావు. నీకు తరిగించడం చేతకాదు. కత్తి ఇవ్వకు, కొడవలి పీట ఇవ్వు. ఆకుకు ముందు ఈనె తీయించు. వాడికి చేతిలో పెట్టి చూపిస్తేనే వస్తుంది, నోటితో చెబితే రాదు.

ఓనరమ్మ మళ్లీ ఎరువు అడిగితే ఊరికే ఇవ్వకు. అడిగించుకుని ఇవ్వు.

ఇంకొకటి అడగాలి. ఎవరు నేర్పారని ఆమె అడిగినప్పుడు, గుడియాత్తంలో మా వదిన అని చెప్పానన్నావు. ఆ మాట నువ్వు అన్నప్పుడు మా తమ్ముడు పక్కన ఉన్నాడా? విన్నాడా? అది నువ్వు రాయలేదు. రాయి.

కన్నియమ్మ